రోగుల పడకల దగ్గర కావలి కాసిన సిపాయి



జూలై 14న శ్రీసభ పునీత కమిల్లుస్ దె లెల్లిస్ గారిని స్మరిస్తుంది. రోగులకు, ఆసుపత్రులకు, నర్సులకు ఆయన పాలక పునీతుడని మనలో కొందరికి తెలుసు. కాని ఆయన తన యవ్వనంలో జీతం తీసుకుని యుద్ధాలు చేసిన సిపాయి అనీ, జూదంలో ఒంటి మీది చొక్కా కూడా పోగొట్టుకున్నవాడనీ తెలిసినవారు తక్కువ. ఛాతీ మీద ఎర్ర సిలువతో ఉన్న ఆయన పటం చూస్తే పుట్టుకతోనే భక్తుడై ఉంటాడనిపిస్తుంది. ఆ పటం ముందే నిలబడి, పేకాటకు అలవాటుపడిన కొడుకును తలచుకుని ఏడ్చే తల్లులు మన విచారణల్లో ఉన్నారు. సైన్యం నుంచి తిరిగి వచ్చి, ఊళ్లో ఏ పనిలోనూ కుదురుకోలేక నలిగిపోయేవారూ ఉన్నారు. వారిని మనసులో పెట్టుకుని ఈ వారం ఆయన జీవితాన్ని కాస్త వివరంగా చెప్పుకుందాం.

సైనికుని ఇంట పుట్టిన బిడ్డ

కమిల్లుస్ 1550 మే 25న దక్షిణ ఇటలీలో, అప్పటి నేపుల్స్ రాజ్యానికి చెందిన బుక్కియానికో అనే చిన్న ఊళ్లో పుట్టాడు. తండ్రి జొవాన్ని సైన్యంలో అధికారి. ఇంటిపట్టున ఉండేది తక్కువ, దండు వెంట తిరిగేది ఎక్కువ. తల్లి కమిల్లా బిడ్డలు పుట్టే వయసు దాటిన తరువాత ఈ కొడుకును కన్నది. ఎలిజబేతమ్మ కథ వంటిదే ఇదీ అని ఊరివారు ఆశ్చర్యపోయారట.

కాన్పుకు ముందు ఆ తల్లికి ఒక కల వచ్చిందని చెబుతారు. ఛాతీ మీద ఎర్ర సిలువ ధరించిన ఒక పిల్లవాడు, అదే గుర్తు ధరించిన మరికొందరు పిల్లలను వెంటబెట్టుకుని నడుస్తున్నాడు. ఆమెకు సంతోషం కలగలేదు, భయం కలిగింది. ఆ రోజుల్లో ఉరికి తీసుకుపోయే నేరస్థుల బట్టల మీద అటువంటి సిలువ గుర్తు ఉండేదట. పుట్టబోయే కొడుకు దొంగల ముఠాకు నాయకుడవుతాడేమోనని ఆమె కుమిలిపోయింది. ఆమె భయానికి తగ్గట్టే పిల్లవాడు పెరిగాడు. చదువు వంటబట్టలేదు. కోపం ముక్కు మీద ఉండేది. పాచికలు, పేకముక్కలు చిన్ననాటనే చేతికి వచ్చాయి. పన్నెండు, పదమూడేళ్ల వయసులో తల్లి చనిపోయింది. కొడుకు బాగుపడిన రోజును ఆమె కళ్లారా చూడలేదు.

జీతం కోసం యుద్ధం

కమిల్లుస్ ఆరున్నర అడుగుల ఎత్తు పెరిగాడు. బలం ఉంది, పని రాదు. ఇటువంటి యువకులకు ఆ కాలంలో తెరిచి ఉన్న ద్వారం సైన్యం. అప్పటి సైన్యాలు ఇప్పటి సైన్యాల వంటివి కావు. దేశం కోసమని ప్రమాణం చేసి చేరేవారు కొందరైతే, ఎవరు జీతం ఇస్తే వారి తరఫున పోరాడేవారు ఎందరో. యుద్ధం ముగిస్తే పటాలాన్ని రద్దు చేసి, ఎవరి దారి వారిని చూసుకోమనేవారు. పింఛను లేదు, ఆసరా లేదు.

తుర్కులతో యుద్ధానికి వెనిస్ రాజ్యం సైనికులను చేర్చుకుంటున్నదని తెలిసి, వయసు మళ్లిన తండ్రి, కుర్రవాడైన కొడుకు కలిసి బయలుదేరారు. దారిలో ఇద్దరూ జబ్బుపడ్డారు. తండ్రి దారిలోనే చనిపోయాడు. ఆ ప్రయాణంలోనే కమిల్లుస్ కాలి చీలమండ దగ్గర చిన్న పుండు లేచింది. అది శత్రువు కత్తి చేసిన గాయం కాదు. చిన్న పొక్కులాగా మొదలై, పుండై, చీము పట్టి, చివరిదాకా అతణ్ణి వదలలేదు. ఆ పుండును గుర్తుంచుకోండి. ఈ కథలో దాని పని చాలా ఉంది.

తండ్రిని పాతిపెట్టిన దుఃఖంలో కమిల్లుస్, తాను ఫ్రాన్సిస్ సభలో చేరతానని దేవునికి మొక్కుకున్నాడు. లాక్విలా నగరంలోని మఠంలో ఉన్న మేనమామ దగ్గరకు వెళ్లాడు. ఆరోగ్యం సరిగా లేదని ఆయన చేర్చుకోలేదు. మొక్కు త్వరగానే మరుగునపడింది. పుండు మాత్రం మిగిలింది.

1571 మార్చిలో కమిల్లుస్ వైద్యం కోసం రోమాపురిలోని పునీత యాకోబు ఆసుపత్రికి చేరాడు. నయంకాని జబ్బులవారి కోసం పెట్టిన ఆసుపత్రి అది. వైద్యం ఖర్చు కింద, అక్కడే రోగులకు సేవచేసే జీతగాడుగా కుదిరాడు. కాలు కొంత నయమైంది గాని గుణం నయం కాలేదు. పడకల మీది రోగులను వదిలేసి పేకాటకు పోయేవాడు. తోటి పనివారితో కొట్లాడేవాడు. దిండు కింద పేకముక్కలు దొరికాయి. కొన్ని నెలలకే ఆసుపత్రివారు అతణ్ణి బయటకు పంపారు.

మళ్లీ సైన్యమే గతి అయింది. మొదట వెనిస్ తరఫున, తరువాత స్పెయిన్ కొలువులో, మధ్యధరా సముద్రం మీదా ఆఫ్రికా తీరాన ట్యూనిస్ దగ్గరా పనిచేశాడు. ఓడల్లో విరేచనాలతో, జ్వరాలతో సైనికులు ఎలా చస్తారో చూశాడు. గాయపడినవారిని ఎత్తుకుపోయే దిక్కులేక వదిలేసి పోవడం చూశాడు. రాత్రి కావలి కాయడం, ఆకలికి ఓర్చుకోవడం, చావు పక్కన నిలబడి పనిచేయడం నేర్చుకున్నాడు. ఇవన్నీ ఎందుకు నేర్చుకుంటున్నాడో అతనికి తెలియదు.

1574లో తిరుగు ప్రయాణంలో పెద్ద తుపాను పట్టింది. బతికి నేపుల్స్ రేవు చేరడమే గగనమైంది. బతికి వచ్చినవాడు దేవాలయానికి పోలేదు, జూదానికి పోయాడు. కత్తి, తుపాకి, మందుగుండు సంచి, పై అంగీ, చివరికి చొక్కా ఒకటి తరువాత ఒకటి ఒడ్డి పోగొట్టుకున్నాడు. పటాలం రద్దయింది. ఇరవై నాలుగేళ్ల యోధుడు వీధిన పడ్డాడు.

కొండ దారిలో పిలుపు

ఆ ఏడాది నవంబరు చివర, మన్‌ఫ్రెదోనియా అనే రేవు పట్టణంలో దేవాలయం గుమ్మం ముందు కమిల్లుస్ బిచ్చమెత్తాడు. అంత పొడుగు మనిషికి చేయి చాపడం ఎంత సిగ్గో ఊహించండి. అంతోనియో ది నికాస్త్రో అనే పెద్దమనిషి చూసి, కపూచిన్ మఠం కట్టడంలో కూలిపని ఇప్పిస్తానన్నాడు. పక్కనున్న తోటి సిపాయి వద్దన్నాడు. సిపాయిలకు సున్నం మోసే పనేమిటని హేళన చేశాడు. కమిల్లుస్ అతని వెంట కొంత దూరం వెళ్లి, మనసు మార్చుకుని వెనక్కి వచ్చాడు. పునీతుల జీవితాల్లో పెద్ద మలుపులనే మనం లెక్కపెడతాం. నన్నడిగితే ఇదే మొదటి మలుపు. దర్శనం లేదు, దేవదూత లేదు. అభిమానం చంపుకుని కూలికి ఒప్పుకోవడం ఒక్కటే ఉంది.

గాడిదల మీద రాళ్లు, సున్నం, నీళ్లు మోశాడు. పిల్లలు వెంటబడి వెక్కిరించారు. చలికాలం గడిచేదాకా ఉండి, కూలి డబ్బు చేతపట్టుకుని మళ్లీ సైన్యంలో చేరాలని అతని ఆలోచన. 1575 ఫిబ్రవరి 1న మఠంవారు అతణ్ణి గార్గానో కొండల మీది సాన్ జొవాన్ని రొతొందో మఠానికి పని మీద పంపారు. తరువాత 20వ శతాబ్దంలో పునీత పాద్రే పియో నివసించిన ఊరు అదే. ఆ సాయంత్రం మఠం పెద్ద అంజెలో గురువు అతణ్ణి తోటలో పక్కన కూర్చోబెట్టుకుని, దేవుడొక్కడే సర్వమనీ, ఆత్మ రక్షణను మించిన పని మనిషికి లేదనీ మెల్లగా చెప్పారు. తిట్టలేదు, పాత తప్పులు తవ్వలేదు.

మరునాడు ఫిబ్రవరి 2, బాలయేసును దేవాలయంలో సమర్పించిన పండుగ. ద్రాక్షారసం తిత్తులు వేసుకుని గాడిద మీద తిరిగి వస్తుండగా, ఆ మాటలు కమిల్లుస్ గుండెలో మండాయి. రాళ్ల దారిలో గాడిద మీద నుంచి దిగి, మోకరిల్లి, తన గత జీవితం కళ్లముందు కదలాడగా వెక్కి వెక్కి ఏడ్చాడు. ఆనాటి నుంచి బతికినంత కాలం ఫిబ్రవరి 2ను తన మారుమనస్సు దినంగా ఆయన పాటించారు.

మఠం తలుపు మూసిన పుండు

మారుమనస్సు పొందిన కమిల్లుస్ కపూచిన్ సభలో చేరారు. ముతక అంగీ అంచు కాలికి రాసుకుని పుండు మళ్లీ తెరుచుకుంది. పెద్దలు బాధతోనే ఆయనను బయటకు పంపారు. తిరిగి రోమాపురికి, అదే పునీత యాకోబు ఆసుపత్రికి వచ్చారు. ఒకప్పుడు వెళ్లగొట్టబడిన చోటనే ఈసారి నమ్మకంగా నాలుగేళ్లు సేవచేశారు. పుండు మానగానే 1579లో మళ్లీ మఠానికి వెళ్లారు. ఆయన పాపసంకీర్తనలు వినే పునీత ఫిలిప్ నేరి గారు వద్దని ముందే చెప్పారు. అక్కడ పుండు మళ్లీ లేచింది. తలుపు రెండోసారి మూసుకుంది. ఆసుపత్రికి తిరిగి రాగా, అధికారులు ఆయననే పనివారందరి మీద పెద్దగా నియమించారు.

అప్పుడు ఆయనకు ఆసుపత్రి అసలు రూపం కనిపించింది. ఆ కాలంలో రోగులకు సేవచేసేవారు చాలావరకు మరో పని దొరకని కూలివారు. రాత్రి పిలిస్తే పలికేవారు కాదు. దాహమన్నవాడికి నీళ్లు అందేవి కావు. మురికి బట్టలు మార్చేవారు కాదు. కొన ఊపిరి ఉండగానే శవాల గదికి చేరిన రోగులూ ఉన్నారు. కమిల్లుస్ ఆ పనివారిపై కేకలు వేశారు, కాపలా కాశారు, మార్చారు. ఫలితం కొంతే కనిపించింది.

ఎందుకంటే ఆ జీతగాని మనసు ఆయనకు లోపలి నుంచి తెలుసు. ఇదే ఆసుపత్రిలో, ఇదే పడకల పక్కన, తానూ అటువంటి జీతగాడే. జీతం కోసం పోరాడేవాడు ఓటమి కనిపించగానే పారిపోతాడని యుద్ధంలో చూశారు. జీతం కోసం మాత్రమే సేవచేసేవాడు అంటురోగం కనిపించగానే అదే చేస్తాడు. మంచి కాపరికీ జీతగానికీ యేసునాథుడు చూపిన తేడా ఆయనకు పుస్తకంలో కాదు, ఒంటి మీదనే అర్థమైంది.

1582 ఆగస్టులో, మరియమాత మోక్షారోపణ పండుగ రోజుల్లో ఒక రాత్రి, పడకల మధ్య మేలుకుని ఉండగా ఆయనకు ఆలోచన వచ్చింది. కూలి కోసం కాక, దేవుని ప్రేమ కోసం రోగులకు సేవచేసే కొందరు కలిస్తే ఎలా ఉంటుంది? తల్లి జబ్బుపడిన బిడ్డను చూసుకున్నట్టు చూసుకునేవారు కలిస్తే? ఐదుగురు తోడయ్యారు. ఆసుపత్రి అధికారులకు అనుమానం కలిగింది. వారు ప్రార్థన చేసుకునే చిన్న గదిని కూడా మూయించారు. ఆ దిగులులో సిలువమీది ప్రభువే తనకు ధైర్యం చెప్పి, ఈ పని నీది కాదు నాది అని తెలియజేశారని కమిల్లుస్ నమ్మారు.

గురువైతేగాని ఈ పని నిలవదని తోచింది. ముప్పై రెండేళ్ల వయసులో, ఆరున్నర అడుగుల మనిషి, యేసుసభవారి కళాశాలలో చిన్నపిల్లల పక్కన బెంచీ మీద కూర్చుని లతీను అక్షరాలు దిద్దారు. పిల్లలు నవ్వారు. ఫెర్మో కాల్వి అనే దయగల గృహస్థుడు ఆయన గురుపట్టానికి కావలసిన ఆస్తి ఏర్పాటు చేశాడు. 1584 మే నెలలో, విశ్వాసం కోసం ఇంగ్లండును విడిచి వచ్చిన థామస్ గోల్డ్‌వెల్ పీఠాధిపతుల చేతుల మీదుగా గురువయ్యారు.

ఎర్ర సిలువ దండు

కమిల్లుస్, ఆయన సహచరులు రోజూ రోమాపురిలోని పెద్ద ఆసుపత్రికి వెళ్లేవారు. పవిత్రాత్మ ఆసుపత్రి అని దాని పేరు. పక్కలు సర్దడం, పుండ్లు కడగడం, తినలేనివారికి ముద్ద పెట్టడం, మరణావస్థలో ఉన్నవారి చెవిలో ప్రార్థన చెప్పడం వారి పని. గదుల్లోకి గాలి రావాలనీ, జబ్బును బట్టి ఆహారం ఉండాలనీ, అంటురోగులను వేరుగా ఉంచాలనీ ఆయన పట్టుబట్టారు. ప్రాణం పోయిందనుకున్న తరువాత కూడా కాసేపు పక్కనే ఉండి ప్రార్థించాలనీ, తొందరపడి ముఖం కప్పరాదనీ నియమం పెట్టారు. శవాల గదిలో ఆయన చూసినదే ఆ నియమానికి మూలం.

1586లో జగద్గురువులు 5వ సిక్స్తుస్ గారు ఆ చిన్న సంఘాన్ని అంగీకరించి, అంగీ మీద ఎర్ర సిలువ ధరించడానికి అనుమతి ఇచ్చారు. తల్లి కలలో భయపెట్టిన గుర్తు అదే. దొంగల గుర్తు అనుకున్నది సేవకుల గుర్తు అయింది. 1591లో జగద్గురువులు 14వ గ్రెగోరి గారు దానిని సన్యాస సభగా నిలిపారు. పేదరికం, బ్రహ్మచర్యం, విధేయత అనే మూడు మాటపట్టులకు తోడు ఈ సభవారు నాలుగో మాటపట్టు చేస్తారు. ప్రాణాపాయం ఉన్నా, తెగులు సోకినవారైనా, రోగులను విడిచిపెట్టమనేదే ఆ మాటపట్టు. జీతగాడు పారిపోయే చోట నిలబడతామని దేవునికిచ్చిన మాట అది. సిపాయిగా ఉండి ఎరిగినవాడే అటువంటి మాట కోరగలడు.

ఆ మాట కాగితం మీద ఉండిపోలేదు. మాటపట్టుకు ముందే, 1589లో, నేపుల్స్ దగ్గర రేవులోకి రానివ్వని ఓడల్లో సైనికులు విషజ్వరంతో చస్తుంటే, కమిల్లుస్ సహచరులు ఆ ఓడల్లోకి వెళ్లి సేవచేశారు. ఇద్దరు అదే జ్వరంతో చనిపోయారు. 1595లో, మళ్లీ 1601లో, హంగరీ, క్రొయేషియా ప్రాంతాల్లో యుద్ధం చేస్తున్న సైన్యాల వెంట తన సభవారిని పంపి, గాయపడినవారికి యుద్ధభూమిలోనే సేవ చేయించారు. యుద్ధభూమి వైద్యసేవకు తొలి ఉదాహరణల్లో ఒకటిగా చరిత్రకారులు దీనిని చెబుతారు. ఈనాటి రెడ్‌క్రాస్ సంస్థ 1863లో వేరుగా పుట్టినదే. దాని గుర్తుకు ఈ సభతో నేరు సంబంధం లేదు. అయినా యుద్ధంలో పడిపోయినవాణ్ణి వదలరాదనే ఆలోచనను కమిల్లుస్ అంతకు రెండున్నర శతాబ్దాల ముందే ఆచరణలో పెట్టారు. ఓడల్లో, శిబిరాల్లో దిక్కులేక చచ్చిన తన పాత సహచరులను ఆయన మరచిపోలేదు.

1598 డిసెంబరులో తీబర్ నది పొంగి ఆసుపత్రిలోకి నీరు వచ్చినప్పుడు, కుంటి కాలితోనే రాత్రంతా రోగులను మోసి పై అంతస్తుకు చేర్చారు. కాలి పుండు, వరిబీజం, మూత్రపిండాల్లో రాళ్లు, అరికాలి ఆనెలు, అన్నం సహించని కడుపు అనే ఐదు బాధలు ఆయనకు ఉండేవి. వాటిని దేవుని దయలని పిలిచేవారు. 1607లో సభాధిపతి పదవి వదిలి, మామూలు సేవకునిగా మిగిలారు. నిలబడలేని రోజుల్లో కూడా రాత్రివేళ పడక దిగి, పాకుతూ పక్క రోగి దగ్గరకు వెళ్లి, ఏమైనా కావాలా అని అడిగేవారు. 1614 జూలై 14న, అరవై నాలుగో ఏట రోమాపురిలో కన్నుమూశారు. 1746లో జగద్గురువులు 14వ బెనెడిక్ట్ గారు ఆయనను పునీతునిగా ప్రకటించారు. 1886లో పునీత దేవుని యోహానుతో పాటు రోగులకు, ఆసుపత్రులకు, 1930లో నర్సులకు ఆయన పాలక పునీతుడయ్యారు. దేవుని యోహాను కూడా ఒకప్పటి సిపాయే!

మనం ఏం చేద్దాం?

వరప్రసాదం మనిషి స్వభావాన్ని కొట్టివేయదు, దానిని నిండుచేస్తుంది అనేది పునీత తోమాసు అక్వినాసు గారి బోధ. కమిల్లుస్ జీవితం దానికి మంచి ఉదాహరణ. దేవుడు ఆయనలోని సిపాయిని చంపలేదు. రాత్రి కావలి అలాగే ఉంది, కావలి కాసిన చోటు మారింది. తెగువ అలాగే ఉంది, ఎవరి కోసం అనేది మారింది. పుండు కూడా మానలేదు. నలభై ఏళ్లకు పైగా అది ఆయనతోనే ఉంది. అది రెండుసార్లు మఠం తలుపు మూసింది, ప్రతిసారీ ఆసుపత్రి తలుపు తెరిచింది. మన ఇంట్లో మానని పుండ్లను తీసివేయమని దేవుణ్ణి అడగడం తప్పు కాదు. అవి ఏ తలుపు దగ్గరకు మనలను తీసుకుపోతున్నాయో చూడకపోవడమే లోపం.

మరొక మాట. జీతం తీసుకోవడం పాపం కాదు. పనివాడు తన కూలికి పాత్రుడే. మన విచారణల నుంచి వెళ్లి దూర నగరాల్లో, పరదేశాల్లో నర్సులుగా పనిచేస్తున్న బిడ్డలు చేసే కష్టానికి తగిన జీతం రావాలి, ఆలస్యం లేకుండా రావాలి. అయితే జీతం చేతుల పనిని కొనగలదు, ప్రేమను కొనలేదు. ఆ ప్రేమను వారు తమంతట తామే కలిపి ఇస్తున్నారు. అందుకు వారికి మనం రుణపడి ఉన్నాం. మరి మన సొంత తల్లిదండ్రులు మంచం పట్టినప్పుడు? మందుల బిల్లు కట్టి, పనిమనిషిని పెట్టి, బాధ్యత తీరిందనుకుంటున్నామా? డబ్బు పంపడం మంచిదే. పక్కన కూర్చోవడం దానితో తీరదు.

1992లో జగద్గురువులు 2వ జాన్‌పాల్ గారు ఫిబ్రవరి 11ను ప్రపంచ రోగుల దినంగా నెలకొల్పారు. ఏడాదికి ఆ ఒక్క రోజు చాలదు. ఈ జూలై 14న దివ్యబలిపూజ ముగిశాక, ప్రతి కుటుంబమూ తన వీధిలో మంచం పట్టిన ఒక్కరినైనా వెళ్లి చూసిరావాలని కోరుతున్నాను. వారు ఏ మతంవారని అడగవద్దు. పండ్లు లేకపోయినా ఫరవాలేదు. ఒక గ్లాసు నీళ్లు అందించి, దిండు సర్ది, కాసేపు వారి మాట వినండి. పేకాటలో పడిన కొడుకు ఉంటే, అంజెలో గురువులాగా ఒక సాయంత్రం పక్కన కూర్చోబెట్టుకుని మెల్లగా మాట్లాడండి. సైన్యం నుంచి వచ్చి ఒంటరిగా ఉన్న మనిషి ఉంటే, విచారణలో అతనికి ఒక పని అప్పగించండి. అంతోనియో ఇప్పించిన కూలిపనే ఒక పునీతునికి దారి అయింది.

ఆ పునీతుని వేడుదల మన రోగులకు, వారిని కనిపెట్టుకుని ఉండేవారికి, దారి తప్పిన మన బిడ్డలకు తోడై ఉండుగాక!